కాలి కింద అద్దం

మంజుల అద్దాన్ని అరికాలి కిందికి జరిపి, తల వంచి చూసింది.

"ఇంకాస్త ఎత్తు."

"ఇంతకంటే లేవదు. పొట్ట అడ్డం వస్తంది," అన్నాడు యల్లమంద.

వసారాలో కుర్చీలో కూర్చుని కుడికాలు పీట మీద పెట్టాడు. ఆ అద్దం వారం కిందటిదాకా అతను గడ్డం గీసుకునేది. చుట్టూ ఎర్ర ప్లాస్టిక్ అంచు, వెనక చిన్న కొక్కెం. రోజూ పొద్దున్నే అరికాళ్ళు చూసుకోవాలని నరసరావుపేట డాక్టరమ్మ చెప్పింది. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోమంది. ఇప్పుడు అది మంజులకి వాకిలి ఊడవడం లాంటి పనే అయిపోయింది.

వేలి కింద గాయం అంచులు లేత ఎరుపులోకి తిరిగాయి. మొన్నటిదాకా నల్లగా ఉన్నచోట కొత్త చర్మం వస్తోంది. మంజుల దాని చుట్టూ మెల్లగా నొక్కింది.

"తెలుస్తందా?"

"ఏంది?"

"నొక్కుతున్నా."

"ఏమో. ఏదో ముట్టుకున్నట్టుంది."

ఆ మాటకే ఆమె ముఖం తేటపడింది. తుమ్మముల్లు లోపలిదాకా దిగినా, రోజంతా దాని మీదే నడిచి, ఇంట్లో నాపరాళ్ళ మీద నెత్తుటి అచ్చులు పడేదాకా తెలుసుకోలేని కాలు అది. వేలు తీసెయ్యాల్సి వస్తుందేమో అని ఆస్పత్రిలో మొదటిసారి అన్నప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నిన్న డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, "వేలికేం భయం లేదు. షుగర్ దించుకోండి చాలు," అంది. తిరుగు బస్సులో మంజుల కూర్చున్నచోటే నిద్రపోయింది. దారిలో ఊళ్ళు ఎప్పుడు దాటాయో కూడా తెలియలేదు.

కొత్త కట్టు కడుతూ ఆమె గొంతు తగ్గించింది.

"నిన్నటి సంగతి అత్తకి చెప్తా."

"చెప్పావుగా. వేలు ఉంటుందన్నారని."

"ఆ సంగతి కాదు."

యల్లమంద వంటింటి వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"చెప్పమాక మంజులా. ఇయ్యాల అమ్మ బోనెక్కాలి. మనసు అటూ ఇటూ అయిద్ది."

"నీ తమ్ముణ్ణి చూశామంటే మనసు అటూ ఇటూ అయిద్దా?"

"గమ్మునుండు. వస్తంది."

పుల్లమ్మ తలస్నానం చేసి, జరీ అంచు ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. ఆ చీర పెళ్ళిళ్ళకి కట్టదు. గురజాల కోర్టులో వాయిదా ఉన్న రోజే కడుతుంది.

ఆరేళ్ళ కిందట చిన్నకొడుకు కోటేశ్వర్ మిరపచేలోకి పోయే డొంకదారికి అడ్డంగా నాపరాళ్ళు నిలబెట్టి పాతించాడు. ఆ జాగా తన వాటాలోదేనన్నాడు. రాళ్ళకి అడ్డం నిలబడిన తల్లిని చెయ్యి పట్టుకుని పక్కకి జరిపాడు. రాళ్ళ కంటే ఆ చెయ్యే పుల్లమ్మ మనసులో లోతుగా దిగబడింది. యల్లమంద కేసు వేశాడు. అప్పటి నుంచి తన చేలోకి తనే చుట్టు తిరిగి, తుమ్మచెట్ల సందున పోతున్నాడు. ముల్లు గుచ్చుకున్నది ఆ దారిలోనే.

దారి ఇద్దరిదీ అని కళ్ళారా చూసినట్టు చెప్పగలిగేది పుల్లమ్మ ఒక్కతే. ఇవాళ ఆమె చెప్పే మాట మీదే కేసు నిలబడుతుందనీ, ఆమె రాకపోతే పోయినట్టేననీ వకీలు నిన్న ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

చుట్టు తిరగడం పుల్లమ్మకీ అలవాటైంది. గేటు దాటి ఎడమకి తిరిగితే గురజాల రోడ్డు. కుడికి తిరిగితే నాలుగిళ్ళ అవతల కోటేశ్వర్ ఇల్లు. కిరాణాకొట్టు ఆ పక్కనే ఉన్నా ఆమె ఎడమకే పోయి, వెనక వీధి మీదుగా కొట్టుకి చేరేది.

"నోరు తెరువురా," అంది పుల్లమ్మ, గిన్నెలోంచి చెంచా ఎత్తి.

మంజుల లేచింది. "ఏందత్తా అది?"

"కనపడట్లా? పెరుగు."

"అందులో?"

"పంచదార. రెండు చెంచాలు. శకునానికి."

"ఒద్దత్తా. ఉత్త పెరుగు పెట్టు."

"ఉత్త పెరుగు నోట్లో పెట్టి ఎవరన్నా కోర్టుకి పంపుతారటే? ఆరేళ్ళుగా ఇదే పెట్టి పంపుతున్నా. పొద్దున లేస్తే షుగర్, షుగర్. మీ మామ బెల్లపుముక్క కొరక్కుండా నీళ్ళు తాగినోడు కాదు. ఒంట్లో పిడికెడు కండ లేకుండా ఎనభై ఏళ్ళు బతికాడు."

"మామ కేసులెయ్యలా," అంది మంజుల.

చెంచా గాల్లోనే ఆగింది.

"ఏందే నువ్వనేది?"

మంజుల పాత కట్టుగుడ్డ మడతపెట్టింది. ఆ ఇంట్లో ఆమె గట్టిగా మాట్లాడిన రోజులు తక్కువ. అందుకే పుల్లమ్మ వదల్లేదు.

"నిన్నే. కేసుకీ షుగర్‌కీ ఏంది సంబంధం?"

"వాయిదా దగ్గర పడేకొద్దీ ఈయన నిద్రపోడు. లేచి వంటింట్లో డబ్బాలు తీస్తాడు. ఆకలై కాదు. జంతికలో, బూందీనో, ఏది దొరికితే అది నోట్లో వేసుకుంటా నిలబడతాడు. ఆ రోజుల్లో ఎప్పుడు చూపించినా షుగర్ పైనే. వాయిదా అయిపోతే దిగుద్ది. మళ్ళీ వకీలు ఫోన్ చేస్తే ఎక్కుద్ది. నేను చూస్తానే ఉన్నా."

"నువ్వు చూస్తే సరా? నువ్వు డాక్టరువా?"

"డాక్టరమ్మకే చెప్పా. ఎప్పుడెప్పుడు పెరుగుద్దమ్మా అని ఆమే అడిగింది."

"ఏమంది?"

మంజుల విన్నది విన్నట్టు చెప్పడానికి కాస్త ఆలోచించుకుంది.

"మనసులో పోట్లాట పెట్టుకుని తిరిగితే, నిజంగానే ఎవరో కొట్టడానికొస్తున్నారని ఒళ్ళు అనుకుంటదంట. పరిగెత్తడానికి బలం కావాలని చక్కెర నెత్తుట్లోకి వదులుద్దంట. ఈయనేమో పరిగెత్తడు. ఈ కుర్చీలో కూర్చుంటాడు. ఆ చక్కెర యాడికి పోద్ది? దానికి తోడు నిద్ర పట్టక తిండి. తింటే పొట్ట. పొట్ట పెరిగిందంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచెయ్యదంట. ఒకదాన్ని ఒకటి తోసుకుంటా పోతాయంది."

"అంటే..." పుల్లమ్మ చెంచా గిన్నెలో పడేసి, గిన్నె గట్టు మీద పెట్టింది. "కేసు నడిపిస్తంది నేను కాబట్టి, నా బిడ్డకి జబ్బు తెచ్చింది నేనన్న మాట."

"అట్టా అనలా అమా," అన్నాడు యల్లమంద. "కేసు ఒక్కటే కాదంది. తిండీ, నడక లేకపోవడం, ఇంకా ఏదేదో చెప్పింది. వంశంలో ఉన్నా వస్తదంది."

"మన వంశంలో ఎవరికుంది?"

యల్లమంద కట్టు సరిచేసుకున్నాడు.

"అడిగిందా ఆమె?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఎవరికీ లేదన్నా."

మంజుల పీట తీసి గోడకి ఆనించింది. దాని మీద అద్దం పెట్టింది. అత్త ముఖం వైపు గానీ, మొగుడి ముఖం వైపు గానీ చూడలేదు.

గేటు బయట బర్రెల్ని తోలుకుపోతున్నారు. వాటి కాళ్ళ చప్పుడు పోయాక పుల్లమ్మే నెమ్మదిగా అంది.

"నీ కోసం కదురా నేను కోర్టు మెట్లెక్కుతుంది. చుట్టు తిరిగి చస్తన్నావని."

యల్లమంద తలెత్తాడు. "నా కోసమా? నాకా దారి మీద ఎప్పుడో విసుగు పుట్టింది. నీ చెయ్యి పట్టుకుని లాగాడని, నీ మనసు చల్లబడాలని తిరుగుతున్నా."

"ఒక్కరోజన్నా ఆ మాట చెప్పావా?"

"నువ్వు అడిగావా?"

అప్పుడే గేటు కిర్రుమంది.

"వదినా, తయారా? ఇస్మాయిల్ ఆటో వస్తంది ఎనకాలే!"

పున్నయ్య. పుల్లమ్మ తర్వాత సాక్షి ఇతనే. యల్లమంద తండ్రికి వరసకి తమ్ముడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, పొట్ట దగ్గర బొత్తాలు కష్టపడుతుంటే ఊపిరి బిగించి నడుస్తున్నాడు.

"ఏరా యల్లమందా, కాలెట్టుంది? వేలు ఉంటదన్నారంటగా. ఊరంతా చెప్పుకుంటన్నారు. ఇంకేం, ఇయ్యాల గట్టిగా తినాల్సిన రోజు. ఆ కొత్త హోటలు చూద్దామా? నాటుకోడి బిరియాని బాగుంటదంట."

"హోటలు లేదు మామా," అంది మంజుల. "డబ్బాలు కట్టా. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర. నీక్కూడా ఉంది."

పున్నయ్య ఆమె వైపూ, యల్లమంద వైపూ మార్చి మార్చి చూశాడు.

"డబ్బాలా? మనం పోతుంది కోర్టుకా, బడికా అమ్మాయ్?"

"కోర్టుకే. తినేది అరుగు మీద."

"వకీళ్ళు తిరిగేచోట జొన్నరొట్టె చింపుకుంటా కూర్చోవాలా నేను?"

"నువ్వు హోటల్లో తినొచ్చులే బాబాయ్," అన్నాడు యల్లమంద. "నేను ఎదురుగా కూర్చుని డబ్బా తింటా."

"పెట్టేవాడివి నువ్వు ఆ రొట్టె నములుతా ఉంటే నాకు ముద్ద దిగుద్దా? సాక్షికి అన్నం పెట్టి పక్కన కూర్చుని తినడం మీ నాయన కాలం నుంచీ ఉన్నదే. నువ్వు విస్తరి దగ్గర చెయ్యి ముడుచుకున్నావంటే, నేను సాక్ష్యం సరిగా చెప్పలేదని నీ మనసులో ఉందనుకుంటా."

"అట్టా ఎందుకనుకుంటావు?"

"అనుకుంటా అంతే. పైగా ఎదురుపార్టీ వాళ్ళు రోడ్డుకి అవతల హోటల్లో కూర్చుని చూస్తంటారు. ఆరేళ్ళు! వాళ్ళు చేప తెప్పిస్తే మనం రొయ్యలు తెప్పించాం. వాళ్ళు గులాబ్‌జాము అంటే మనం డబుల్ కా మీఠా అన్నాం. ఒక్కసారన్నా తగ్గామా? అవతల కోటేశ్వర్ గిన్నె ఖాళీ చేసి ఇటు చూసేవాడు. ఇవతల నువ్వు ఇంకో గిన్నె చెప్పేవాడివి. ఇయ్యాల జొన్నరొట్టె చూశారంటే, కేసు ఓడిపోయామని అక్కడే డప్పు కొడతారు."

మంజులకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మాట జారింది.

"అందుకే ఇద్దరికీ పట్టుకుంది."

పుల్లమ్మ చటుక్కున తిరిగింది.

"ఇద్దరికీ ఏంది?"

మంజుల పెదవి కరుచుకుంది.

"ఏం లేదమా," అన్నాడు యల్లమంద. "పద, ఆటో వస్తది."

"ఇద్దరికీ ఏందే?"

బయట ఆటో హారన్ మోగింది. "పెద్దమ్మా! కోర్టు టైమైతంది!" అని ఇస్మాయిల్ గేటు అవతలి నుంచి కేకేశాడు. పుల్లమ్మ కదల్లేదు. మంజుల మొగుడి వైపు చూసింది. యల్లమంద వద్దన్నట్టు తల తిప్పలేదు. చెప్పమనీ అనలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"నిన్న ఆస్పత్రిలో మరిది కూడా ఉన్నాడత్తా," అంది మంజుల.

"ఎవరు? కోటేశ్వరా?"

"మాకంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మొదట గుర్తుపట్టలా. చానా లావెక్కాడు. మెడ కనపట్టంలా. మూడేళ్ళ నుంచి షుగర్ మాత్రలు మింగుతున్నాడంట. పక్కనున్నావిడతో చెప్తంటే విన్నా."

"వాడి పెళ్ళాం ఇందిర ఏది?"

"రాలా. ఒక్కడే వచ్చాడు."

పున్నయ్య వసారా దగ్గరికి జరిగాడు.

"ఈయన కుంటుకుంటా రావడం చూశాడు. ముఖం కేసి చూడలా. కట్టు కేసే చూశాడు. మరిది పేరు పిలిచారు. లేవలా. 'ఆయనకి కాలు బాగోలా, ముందు ఆయన్ని పంపండి, నేను తర్వాత పోతా' అన్నాడు."

"'ఆయన' అన్నాడా?"

"'ఆయన' అనే అన్నాడు. 'అన్న' అనలా."

పుల్లమ్మ గడప పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. జరీ అంచు నేల మీద పడితే తీసుకోలేదు.

"లోపలికి పోయాక?"

మంజుల ఆగింది. ఇంతవరకు చెప్పింది చూసిన సంగతి. ఇక్కడి నుంచి చెప్పాల్సింది మొగుడి సంగతి.

"నేను చెప్తాలే," అన్నాడు యల్లమంద. గొంతు సవరించుకున్నాడు. "తోడబుట్టినోళ్ళలో ఎవరికన్నా ఉందా అని అడిగింది డాక్టరమ్మ. నాకు తోడబుట్టినోళ్ళు లేరన్నా."

పుల్లమ్మ తలెత్తి చూసింది.

"ఎందుకన్నానో తెలీదు. నోటికొచ్చేసింది. తలుపు తీసే ఉంది. తిరిగి చూస్తే వాడు నేల కేసి చూస్తన్నాడు."

ఆ మాట చెప్పాక అతను గట్టిగా ఊపిరి వదిలాడు. నిన్నటి నుంచి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఇప్పుడు వాళ్ళు లేచి పక్కకి జరిగినట్టనిపించింది. తల్లి తిడితే బాగుండునని ఎదురుచూశాడు.

పుల్లమ్మ తిట్టలేదు.

"లేరన్నావా," అంది.

"అన్నా."

"నేను ఒక్కణ్ణే కన్నానా?"

యల్లమంద చెంపలు తుడుచుకున్నాడు. అది చెమటో కాదో మంజుల చూడదలుచుకోలేదు. ఆమెకి మాత్రం ఒళ్ళంతా తేలికైనట్టుంది. వేలు ఉంటుందన్నప్పుడు కూడా ఇంత తేలిక పడలేదు.

ఇస్మాయిల్ మళ్ళీ హారన్ కొట్టాడు. పున్నయ్యకి చేతులు ఏం చెయ్యాలో తోచలేదు. ఎదురుగా పెరుగు గిన్నె ఉంది. అందులో చెంచా ఉంది. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి పెట్టుకున్నాడు.

"మామా, అందులో పంచదార ఉంది," అంది మంజుల.

"శకునానికే అమ్మాయ్," అన్నాడు పున్నయ్య, గిన్నె వదలకుండా.

యల్లమందకి ఆపుకోలేని నవ్వొచ్చింది. పొట్ట కదిలిపోయేలా నవ్వాడు. మంజులా నవ్వింది. ఆ వసారాలో వాయిదా రోజు పొద్దున ఎవరైనా నవ్వడం ఆమెకి గుర్తులేదు. పుల్లమ్మ పెదవులు కూడా కొద్దిగా కదిలాయి. కానీ ఆమె చూపు ఇంకెక్కడో ఉంది.

"వాడూ వంగలేడా?" అని అడిగింది.

"ఎవరత్తా?"

"చిన్నోడు."

మంజుల గుర్తు చేసుకుంది. "బల్ల కింద చెప్పులు విడిచాడు. లేచేటప్పుడు వంగలేక, కాళ్ళతోనే తడుముకుని వేసుకున్నాడు. ఒకటి తిరగబడితే అటెండర్ సరిచేశాడు."

పుల్లమ్మ తలాడించింది.

"అమా, పోదాం," అన్నాడు యల్లమంద. లేచి, కాలు మెల్లగా నేలకి ఆనించాడు. "వకీలు చూస్తంటాడు. ఆడికి పోయాక మాట్లాడుకుందాం. నువ్వు ఏం చెయ్యమంటే అదే. కేసు ఉంచమంటే ఉంచుతా, తీసెయ్యమంటే తీసేస్తా. నువ్వు చెప్పు."

పుల్లమ్మ మెట్టు మీద నుంచి లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. గోడ పట్టుకుని నిలబడి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. ఆధార్ కార్డూ, వకీలు ఇచ్చిన కాయితాలూ ఉన్న గుడ్డసంచి గూట్లో ఉంది. మంజుల దాన్ని తీసి అందించింది.

పుల్లమ్మ సంచి అందుకోలేదు. పీట దగ్గరికి నడిచి, దాని మీదున్న ఎర్ర అంచు అద్దం తీసుకుంది. దాని మీద మందు మరక ఉంటే జరీ కొంగుతో రెండుసార్లు తుడిచింది. వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ తుడిచి, బొడ్లో దోపుకుంది.

"అత్తా?" అంది మంజుల.

పుల్లమ్మ చెప్పులేసుకుంది. గేటు తీసింది. ఇస్మాయిల్ సీటు మీద దుమ్ము దులిపి, "రా పెద్దమ్మా, జాగ్రత్తగా ఎక్కు," అన్నాడు. ఆమె ఆటో పక్క నుంచే నడిచింది, అందులోకి చూడలేదు.

"వదినా! ఆటో ఇటుంది!" పున్నయ్య చెంచా పట్టుకుని గేటుదాకా పరిగెత్తాడు. "ఒరేయ్ యల్లమందా, ఆపరా! కేసు ఏమైద్ది?"

యల్లమంద ఆపలేదు. గేటు కమ్మీ పట్టుకుని, మంజుల పక్కన నిలబడ్డాడు.

ఎడమ పక్క గురజాల రోడ్డు మీద బస్సు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. పుల్లమ్మ కుడికి తిరిగింది.